మెడికెయిడ్ ప్లాన్ వాళ్ళు స్టేట్‌ని అడగమంటారు, స్టేట్ వాళ్ళు ప్లాన్‌ని అడగమంటారు. ఎవర్ని పట్టుకోవాలి? (నార్త్ కరోలినా)

కేరీ_కుర్రోడు
మా అమ్మకి 62 ఏళ్ళు, షుగర్ ఉంది. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవట్లేదు, జడ వేసుకోవాలన్నా మా ఆవిడ సాయం పట్టాలి. సిటిజన్‌షిప్ వచ్చాక మెడికెయిడ్‌కి (తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) అప్లై చేస్తే వచ్చింది, కార్డు మీద ఒక ప్రైవేటు ప్లాన్ పేరు ఉంది. ఫిజియోకి వెళ్ళడం మొదలుపెట్టాక చెయ్యి భుజం ఎత్తు దాకా లేస్తోంది, ఇంకొన్నాళ్ళు చేయిస్తే చాలు అనుకుంటుంటే మిగతా విజిట్లకి అప్రూవల్ ఇవ్వం అని లెటర్ పడింది. క్లినిక్‌లో అడిగితే స్టేట్ పాలసీ మారింది అన్నారు. ప్లాన్‌కి ఫోన్ చేస్తే మేం స్టేట్ చెప్పినట్టే చేస్తాం, డౌటుంటే కౌంటీ ఆఫీసుని అడగండి అన్నారు. కౌంటీ ఆఫీసులో ఆవిడ అర్హత వరకే మా పని, వైద్యం సంగతి మాకు తెలీదు అని పెట్టేసింది. అసలు ఈ పాలసీలు మార్చేది ఎవరు, మారినట్టు మనకి చెప్పేది ఎవరు? అమ్మేమో నాకు నయమైపోయిందిలే, ఇక వదిలెయ్ అంటోంది. అబద్ధం, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేదు.

ఫైల్834
ముగ్గురూ నిజమే చెప్పారు, ఎవరి పరిధి వరకు వాళ్ళు. నేను చాలా ఏళ్ళుగా ఇలాంటి ప్లాన్ల సిస్టమ్స్ మీదే పనిచేస్తున్నా కాబట్టి లోపల ఎలా ఉంటుందో చెప్తా. డబ్బు కేంద్రం, రాష్ట్రం కలిసి పెడతాయి. మీ రాష్ట్రం 2021 జూలై 1 దాకా డాక్టర్లకి తనే నేరుగా కట్టేది, ఆ రోజు నుంచి ఎక్కువమందిని ప్రైవేటు ప్లాన్లకి అప్పజెప్పింది. నెలకి తలకి ఇంత అని స్టేట్ ప్లాన్‌కి ముందే ఇచ్చేస్తుంది. మీ అమ్మగారు ఆ నెల ఆసుపత్రి గడప తొక్కకపోయినా ఆ డబ్బు వస్తుంది, ఐసీయూలో ఉన్నా అంతే వస్తుంది.

అర్హత తేల్చేది కౌంటీ సోషల్ సర్వీసెస్. వాళ్ళు సరే అంటే ఆ పేరు 834 అనే ఎన్‌రోల్‌మెంట్ ఫైల్లో ప్లాన్‌కి చేరుతుంది, తీసేస్తే ఆ తీసివేత కూడా అదే ఫైల్లో వస్తుంది, ప్లాన్ చేతిలో ఏమీ ఉండదు. ఏ వైద్యానికి ఎంతవరకు కవరేజ్ అన్నది స్టేట్ రాసిన పాలసీలో ఉంటుంది. ఈ పేషెంట్‌కి ఆ వైద్యం అవసరమా కాదా అని చూసి అవును, కాదు అనేది మాత్రం ప్లాన్. మీకొచ్చిన లెటర్ ఈ చివరి రకం. కౌంటీని వదిలెయ్యండి, వాళ్ళకి దీంతో సంబంధం లేదు.

వరంగల్_టు_రాలీ
834, 837, 278... శనివారం పూట కూడా ఆఫీసు గుర్తుచేశావు అన్నా. మనవాళ్ళలో సగం మంది ఈ ఫైళ్ళు తిరగేసే ఉద్యోగాలే, సొంత అమ్మ లెటర్ చదవమంటే ఒక్కడికీ అర్థం కాదు.

డాక్టరమ్మ_ఓహియో
లెటర్‌లో కారణం అని ఒక పేరా ఉంటుంది, అది చూసి ఇక్కడ రాయండి. స్టేట్ పాలసీ మారింది అనే మాటని క్లినిక్‌ల ఫ్రంట్ డెస్క్ వాళ్ళు ప్రతిదానికీ వాడతారు. ఏ పాలసీ, ఏ తేదీ నుంచి అని అడిగితే సగం మంది అక్కడే ఆగిపోతారు. మీ రాష్ట్రంలో కవరేజ్ పాలసీలన్నీ నంబర్లతో వెబ్‌సైట్లో అందరికీ కనిపించేలా పెడతారు, ఔట్‌పేషెంట్ థెరపీలది 10ఏ. వాటిని మార్చాలంటే ముందు 45 రోజులు అందరి అభిప్రాయాల కోసం ఉంచాలని అక్కడ చట్టమే ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. స్టేట్ నేరుగా కట్టే మెడికెయిడ్‌లో ఎంత వైద్యం ఇస్తారో, ప్లాన్ అంతకన్నా తక్కువ ఇవ్వడానికి కేంద్రం నిబంధనలు ఒప్పుకోవు. మా రూలు వేరు అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుచెయ్యండి.

నిజం_చెప్తా
ఇంత వివరం ఎందుకు? తలకి ఇంత అని ముందే డబ్బిచ్చేస్తే, వైద్యం ఎంత తగ్గిస్తే అంత మిగులు. ఎవరైనా నో అనే అంటారు. దీనికి పాలసీ అప్‌డేట్ అని పేరు.

ఫైల్834
మరీ అంత సూటిగా ఉండదు. వచ్చిన డబ్బులో ప్లాన్ కనీసం 85 శాతం వైద్యానికీ, వైద్య నాణ్యతకీ ఖర్చు పెట్టేలా లెక్క చూసుకునే స్టేట్ ఆ తలకింత రేటు నిర్ణయించాలని కేంద్రం నియమం.

డాక్టరమ్మ_ఓహియో
ఆ 85 కన్నా తక్కువ ఖర్చు పెడితే తేడా వెనక్కి కట్టించుకోవాలా వద్దా అన్నది రాష్ట్రానికే వదిలేశారు, అది కూడా చెప్పండి మరి. నిజం_చెప్తా గారి కోపంలో విషయం లేకపోలేదు. ఫెడరల్ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు 2023లో పెద్ద మెడికెయిడ్ ప్లాన్ల 2019 లెక్కలు తీస్తే, ముందస్తు అనుమతి కోసం వచ్చిన ప్రతి 8 అర్జీల్లో ఒకటి నో. పైగా అలా నో అన్నవాటిని చాలా రాష్ట్రాలు తిరిగి తనిఖీ చేయడమే లేదని అదే రిపోర్టులో ఉంది. నా క్లినిక్‌లో ఒకమ్మాయికి రోజంతా ఈ ఫారాలు పంపడమే పని, ఆ అమ్మాయి జీతం ఏ ప్లానూ ఇవ్వదు.

కేరీ_కుర్రోడు
లెటర్ మళ్ళీ చూశా. కదలికలో మెరుగుదల కనిపించింది, పెట్టుకున్న లక్ష్యాలు చాలావరకు నెరవేరాయి, ఇంట్లో చేసుకునే వ్యాయామాలు సరిపోతాయి అని రాశారు. మెరుగుదల అని ఎవరు చెప్పారా అని క్లినిక్ నుంచి నోట్స్ తెప్పించుకున్నా. చివరి విజిట్లో థెరపిస్ట్ నొప్పి ఎంత అని అడిగితే అమ్మ నవ్వుతూ "మీ చలవ వల్ల చాలా బాగుందమ్మా" అందట. పక్కనున్న మా ఆవిడ అదే ఇంగ్లీషులో చెప్పింది. థెరపిస్ట్ నోట్స్‌లో నొప్పి 1 అని వేసుకుంది. అంతకుముందు వారం 6 ఉంది!

అత్తగారి_కోడలు
అయ్యో, మా అత్తగారూ ఇంతే. డాక్టర్ ముందు అంతా బాగుంది అంటారు, కారెక్కగానే మూలుగు మొదలు. అంత చదువుకున్నమ్మాయి కష్టపడి చేస్తుంటే బాగోలేదు అంటే ఏం బాగుంటుంది అని మాకే క్లాసు.

గుంటూరు_మిర్చి_ఎన్‌జే
ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి బ్రో. ఫోన్ మీదైనా సరే, తెలుగుకి కూడా దొరుకుతారు, ప్లాన్ ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి, మీ దగ్గర పైసా తీసుకోకూడదు. ఇంట్లోవాళ్ళం చెప్తే మర్యాద కొద్దీ మనం కూడా సర్ది చెప్తాం. మా నాన్న విషయంలో బయటి మనిషి లైన్లోకి వచ్చాకే ఆయన మెట్లు ఎక్కలేకపోతున్న సంగతి బయటపడింది, అప్పటిదాకా మాకే తెలీదు.

డాక్టరమ్మ_ఓహియో
కేరీ, అయితే మీ దారి తేలిక. థెరపిస్ట్‌ని కొలతలతో నోట్ రాయమనండి. చెయ్యి ఎన్ని డిగ్రీలు లేస్తోంది, వెనక్కి ఎంత పోతోంది, జడ వేసుకోలేరు, రాత్రి నిద్ర లేదు, షుగర్ ఉంది కాబట్టి ఇలాంటి భుజాలు నెమ్మదిగా తగ్గుతాయి, ఇవన్నీ. పంపించిన డాక్టర్‌ని ప్లాన్ మెడికల్ డైరెక్టర్‌తో నేరుగా ఫోన్లో మాట్లాడమనండి, పీర్ టు పీర్ అంటారు, చాలా కేసులు అక్కడే తేలిపోతాయి. దాంతోపాటు అప్పీల్ కూడా వేసెయ్యండి, దానికోసం దీన్ని ఆపొద్దు. లెటర్ మీదున్న తేదీ నుంచి 60 రోజులు టైముంటుంది. ప్లాన్ మామూలుగా 30 రోజుల్లో చెప్పాలి, ఆలస్యమైతే ప్రమాదం అనుకుంటే 72 గంటల్లో. అక్కడా నో అంటే స్టేట్ ఫెయిర్ హియరింగ్, అంటే స్టేట్ దగ్గర విచారణ, అది అడగడానికి 120 రోజులు.

నిజం_చెప్తా
అప్పటికి భుజం దానంతటదే తగ్గిపోతుంది, లేదా రాతిలా బిగుసుకుపోతుంది.

వరంగల్_టు_రాలీ
అప్పీల్ వేస్తే తీర్పు వచ్చేదాకా పాత వైద్యం ఆపకూడదని ఎక్కడో చదివా, 10 రోజుల్లో అడగాలి అనుకుంటా?

ఫైల్834
అడగొచ్చు, కానీ అందరికీ వర్తించదు. ముందు ఇచ్చిన అప్రూవల్ గడువు ఇంకా మిగిలుండగా మధ్యలో కోసేస్తే, 10 రోజుల్లోపు అడిగితే కొనసాగించాలి. పాత అప్రూవల్ పూర్తయిపోయి కొత్తది నో అన్నప్పుడు ఆ రక్షణ లేదు. పైగా చివరికి మీరు ఓడిపోతే ఆ ఖర్చు మీ దగ్గర వసూలు చేసే అవకాశం కొన్ని రాష్ట్రాల్లో ఉంది, సంతకం పెట్టేముందు చదవండి. ఇంకోటి, అనుమతి అడిగాక జవాబుకి ఇప్పటిదాకా 14 రోజులు ఉండేది. 2026 నుంచి అది 7 రోజులు, అర్జెంట్ అయితే 72 గంటలు. మెడికెయిడ్ ప్లాన్లకి వాటి కాంట్రాక్టు సంవత్సరం మొదలయ్యే తేదీని బట్టి అమలవుతుంది. మేం ఆ మార్పు కోసమే రాత్రుళ్ళు టెస్టింగ్ చేస్తున్నాం.

పన్నులు_కట్టేవాడు
అందరూ తలా ఒక సలహా ఇస్తున్నారు, నేను అడగాల్సింది అడుగుతా. కేరీలో ఇల్లు, రెండు కార్లు, ఇద్దరికీ ఐటీ జీతాలు. తల్లికి మాత్రం పేదల పథకం. స్పాన్సర్ చేసినప్పుడు ఐ-864 మీద సంతకం పెట్టి నేను చూసుకుంటాను అని ప్రభుత్వానికి మాటిచ్చాం కదా? మనలాంటివాళ్ళ వల్లే రేపు నిజంగా లేనివాళ్ళకి కోత పడుతుంది.

అత్తగారి_కోడలు
మొదలైంది.

గుంటూరు_మిర్చి_ఎన్‌జే
చట్టం ప్రకారం చూద్దాం సార్. గ్రీన్ కార్డ్ వచ్చాక 5 ఏళ్ళు ఫెడరల్ మెడికెయిడ్ రాదు, ఇది 1996 చట్టం. పిల్లలకీ, గర్భిణులకీ చాలా రాష్ట్రాలు మినహాయింపు ఇచ్చాయి. ఐ-864 పెట్టినవాళ్ళ విషయంలో స్పాన్సర్ ఆదాయం కూడా కలిపి చూడాలని నిబంధన, దాన్ని గట్టిగా పాటించమని 2019లో కేంద్రం రాష్ట్రాలకి లేఖ కూడా రాసింది. కానీ ఆవిడ సిటిజన్ అయ్యాక ఆ సంతకం బాధ్యత అయిపోయింది, స్పాన్సర్ ఆదాయం లెక్కలోకి రాదు. ఆవిడ ఆదాయం ఆవిడదే. దాచిపెట్టి తీసుకుంటే తప్పు, అడిగినదానికి నిజం చెప్పి తీసుకుంటే తప్పెలా అవుతుంది?

పన్నులు_కట్టేవాడు
చట్టం ఒప్పుకున్నదల్లా ధర్మం కాదు. మా నాన్నకి నేను జేబులోంచే కడుతున్నా.

కేరీ_కుర్రోడు
సంతోషం సార్. మా ఇంట్లో రెండు జీతాలు లేవు, మా ఆవిడ ఉద్యోగం పోయి చాలా కాలమైంది, ఇల్లు అద్దెది. ఈ వివరాలు మీకు చెప్పాల్సిన అవసరం లేకపోయినా చెప్తున్నా. బయట ఇన్సూరెన్స్ అడిగితే అమ్మ వయసుకి చెప్పిన ప్రీమియం మా కారు కిస్తీకన్నా ఎక్కువ.

వేదిక_పెద్ద
ఎవరి ఇల్లు ఎంత, ఎవరికి ఎన్ని కార్లు అన్న చర్చ ఇక్కడితో ఆపండి. స్పాన్సర్ బాధ్యత మీద వేరే థ్రెడ్ తెరుచుకోండి. ఇక్కడ ప్లాన్లు, పాలసీ మార్పులు వరకే.

బే_సుబ్బలక్ష్మి
పాలసీ మార్పులంటే మా కాలిఫోర్నియా సంగతి వినండి. 65 దాటినవాళ్ళకీ, వైకల్యం ఉన్నవాళ్ళకీ మెడికాల్‌లో (మా దగ్గర మెడికెయిడ్‌కి ఆ పేరు) ఆస్తి పరిమితిని 2024 జనవరిలో పూర్తిగా ఎత్తేశారు, 2026 జనవరి 1 నుంచి మళ్ళీ తెచ్చి పెట్టారు. ఒక్కరికి 1,30,000 డాలర్లు, ఇద్దరికి 1,95,000. ఉంటున్న ఇల్లు, ఒక కారు లెక్కలోకి రావు. మా గుళ్ళో పెద్దవాళ్ళంతా ఇదే మాట, ఊళ్ళో పొలం చెప్పాలా వద్దా అని! చెప్పండి బాబూ, అడిగిన చోట దాచిపెట్టి తర్వాత పీకల మీదకి తెచ్చుకోవద్దు. అమ్ముకోగలిగే ఆస్తా, అన్నదమ్ముల ఉమ్మడిదా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది, ఉచిత లీగల్ ఎయిడ్ వాళ్ళు చూసి చెప్తారు. అలాగే బరువు తగ్గడానికే వాడే జీఎల్‌పీ ఇంజెక్షన్లకి కూడా అదే జనవరి 1 నుంచి మా దగ్గర కవరేజ్ పోయింది. షుగర్‌కి అయితే ఉంది. మా పక్కింటాయనకి రెండూ ఉన్నాయి, ఫార్మసీలో ఏ జబ్బు కోడ్ మీద రాశారో చూసి వెనక్కి పంపారు, డాక్టర్ మళ్ళీ రాసిచ్చాక దొరికింది.

ఫైల్834
ఆస్తి పరిమితి కేరీ వాళ్ళ అమ్మగారి కేటగిరీకి లేదు, కంగారు పడొద్దు. 19 నుంచి 64 మధ్య వయసువాళ్ళకి ఆదాయం ఒక్కటే చూస్తారు. 65 నిండాక కేటగిరీ మారుతుంది, అప్పుడు చూసుకోవాలి.

బిల్లింగ్_భారతి
నార్త్ కరోలినాలోనే ఒక చిన్న పిల్లల క్లినిక్‌లో బిల్లింగ్ చూస్తా. నాకు కడుపు మండే విషయం ఒకటుంది. 2025 అక్టోబర్ 1న స్టేట్ డాక్టర్లకీ, క్లినిక్‌లకీ కట్టే మెడికెయిడ్ రేట్లు 3 నుంచి 10 శాతం కోసేసింది, అసెంబ్లీ సరిపడా డబ్బివ్వలేదని. ఆటిజం థెరపీకి 10 శాతం కోత మీద తల్లిదండ్రులు కోర్టుకెళ్తే ఆపమని జడ్జి ఆదేశించాడు. డిసెంబర్‌లో గవర్నర్ స్టెయిన్ అన్ని కోతలూ వెనక్కి తీసుకుంటున్నాం అన్నాడు. పేపర్లో చదవడానికి కథ అయిపోయింది. మా డెస్క్ మీద అవలేదు. పాత రేటుకి కట్టిన క్లెయిములు ఏవి, కొత్త రేటుకి కట్టినవి ఏవి, ఏ ప్లాన్ తనంతట తానే సరిచేస్తుంది, ఏ ప్లాన్‌కి మేం మళ్ళీ పంపాలి, ఐదు ప్లాన్లకి ఐదు బులెటిన్లు. ఒక్కో బులెటిన్ చివర సందేహాలుంటే మీ ప్రతినిధిని సంప్రదించండి అని ఉంటుంది. ఆ ప్రతినిధికి మెయిల్ పెడితే అదే బులెటిన్ తిరిగి పంపిస్తాడు.

ఈ మధ్యలో కొంతమంది డాక్టర్లు కొత్త మెడికెయిడ్ పేషెంట్లని తీసుకోవడం ఆపేశారు. డైరెక్టరీలో పేరు మాత్రం ఉంటుంది.

నిజం_చెప్తా
మన దగ్గర ఆరోగ్యశ్రీ బకాయిలు పేరుకుపోయాయని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటాయే, ఇక్కడ అదే ఇంగ్లీషులో.

వరంగల్_టు_రాలీ
అక్కడ కనీసం ఆసుపత్రి బయట బ్యానర్ కట్టి చెప్తారు. ఇక్కడ ఫోన్ చేస్తే కొత్త పేషెంట్లకి నాలుగు నెలలు అంటారు, అది నో అని మనమే అర్థం చేసుకోవాలి.

డాక్టరమ్మ_ఓహియో
దాని మీద 2024లో కేంద్రం రూలు తెచ్చింది. మామూలు ప్రైమరీ కేర్ అపాయింట్‌మెంట్‌కి 15 పనిదినాలు, మానసిక వైద్యానికి 10 పనిదినాలు మించకూడదు, పేషెంట్లలా ఫోన్ చేసి రహస్యంగా పరీక్షించాలి అని. కానీ ఆ గడువులు అమల్లోకి రావడం 2027 జూలై తర్వాత మొదలయ్యే కాంట్రాక్టు సంవత్సరాల నుంచి, ఆ రహస్య ఫోన్లు ఇంకో ఏడాది తర్వాత. ఆలోపు వాషింగ్టన్‌లో ఎవరి మనసు ఎలా మారుతుందో.

అత్తగారి_కోడలు
ప్లాన్ నచ్చకపోతే మార్చుకోవచ్చు కదా? మా అత్తగారికి మేం ఏదీ ఎంచుకోకపోతే వాళ్ళే ఒకటి అంటగట్టారు, ఆ ప్లాన్లో మా డాక్టర్ లేడు.

బిల్లింగ్_భారతి
మొదట చేరిన 90 రోజుల్లో కారణం చెప్పకుండా మార్చుకోవచ్చు. తర్వాత ఏడాదికోసారి. మధ్యలో అయితే గట్టి కారణం ఉండాలి. మార్చేముందు డాక్టర్ ఆఫీసుకే ఫోన్ చేసి ఏ ప్లాన్లు తీసుకుంటున్నారు, కొత్తవాళ్ళని తీసుకుంటున్నారా అని రెండూ అడగండి, డైరెక్టరీని నమ్మొద్దు. మా డైరెక్టరీలో రిటైరైన డాక్టర్ గారు ఇంకా ప్రాక్టీస్ చేస్తున్నారు. ఇక్కడ పళ్ళ వైద్యం మాత్రం ప్లాన్లో ఉండదు, స్టేట్ నేరుగా చూస్తుంది, డెంటిస్ట్‌ని ప్లాన్ డైరెక్టరీలో వెతికి లేడని ఏడవకండి.

చికాగో_చిన్నోడు
అసలు బాంబు గురించి ఎవరూ మాట్లాడరేంటి? 2025 జూలై 4న సంతకమైన బిల్లు. 2027 జనవరి 1 లోగా విస్తరణ కింద (అంటే ఆదాయ పరిమితి పెంచి మెడికెయిడ్‌లో చేర్చుకున్న) 19 నుంచి 64 ఏళ్ళ వాళ్ళంతా నెలకి 80 గంటలు పనో, చదువో, సేవో చూపించాలి. కేరీ, మీ అమ్మగారికి 62 కదా. 2027లో కూడా 65 నిండవు.

కేరీ_కుర్రోడు
ఇది ఎక్కడా చదవలేదు. 62 ఏళ్ళావిడ, కుడి చెయ్యి లేవదు, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఏం పని చేస్తుంది?!

అత్తగారి_కోడలు
మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే నాయనమ్మ చేసే డ్యూటీకి 80 ఏంటి, మొదటి వారంలోనే అయిపోతాయి.

చికాగో_చిన్నోడు
నవ్వుకోడానికి కాదు, 13 ఏళ్ళు, అంతకన్నా చిన్న పిల్లల్ని చూసుకునేవాళ్ళకి చట్టంలో నిజంగానే మినహాయింపు ఉంది. తల్లిదండ్రులే కాదు, చూసుకునే బంధువులు, కుటుంబ సంరక్షకులు అనే మాట కూడా ఉంది. కొడుకు, కోడలు ఇంట్లోనే ఉన్న నాయనమ్మకి అది ఎంతవరకు వర్తింపజేస్తారో రూల్స్‌లో తేలాలి, వాటిని కేంద్రం 2026 జూన్ 1 లోగా ఇవ్వాలి. తీవ్రమైన జబ్బులున్నవాళ్ళకి కూడా మినహాయింపు ఉంది.

నిజం_చెప్తా
గుళ్ళో ప్రసాదం వడ్డిస్తే కమ్యూనిటీ సర్వీసు కింద వేస్తారా? మా అమ్మ వడ్డన మానేసి పంచాయతీలు తీర్చే గంటలు కూడా కలపాలి మరి.

ఫైల్834
నా భయం గంటల మీద కాదు, కాగితం మీద. ఆర్కాన్సా 2018లో ఇదే పెట్టింది, కొన్ని నెలల్లోనే 18,000 మందికి పైగా కవరేజ్ పోయింది, 2019లో కోర్టు ఆపేసింది. పోయినవాళ్ళలో పని చేస్తూ కూడా రిపోర్టు చేయడం తెలియనివాళ్ళు చాలామంది. జార్జియాలో 2023 జూలై నుంచి నడుస్తోంది, చేరినవాళ్ళు అనుకున్న సంఖ్యకి దరిదాపుల్లోకి రాలేదు. దీనికి తోడు ఈ కేటగిరీకి రెన్యువల్ ఏడాదికి కాకుండా 6 నెలలకోసారి అవుతుంది, అది కూడా 2027 నుంచే. కోవిడ్ టైములో ఎవర్నీ తీసెయ్యకూడదన్న రక్షణ ఎత్తేశాక 2023 ఏప్రిల్ నుంచి దేశం మొత్తం మీద 2.5 కోట్ల మందికి పైగా తీసేశారు. వాళ్ళలో ఎక్కువ భాగం అర్హత లేదని తేలినవాళ్ళు కాదు, ఫారం వెనక్కి రాలేదనో, అడ్రస్ మారిందనో తీసేసినవాళ్ళు. నా స్క్రీన్ మీద ఆ రోజుల్లో 834 ఫైలు తెరిస్తే టర్మినేషన్ వరసలు కిందికి లాగుతూనే ఉండేవాణ్ణి, ప్రతి వరస చివరా అదే రీజన్ కోడ్.

మీరు చెయ్యాల్సింది ఒకటే, కౌంటీ దగ్గర అడ్రస్, ఫోన్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ప్లాన్‌కి చెప్పాం కదా అని ఊరుకోవద్దు.

గుంటూరు_మిర్చి_ఎన్‌జే
80 గంటలు చూపించారా లేదా అని ప్లాన్లే తేలుస్తాయా?

ఫైల్834
లేదు, ఆ నిర్ణయం ప్లాన్లకి అప్పగించకూడదని చట్టంలోనే ఉంది. గుర్తుచెయ్యడం, ఫారం నింపడంలో సాయం వరకు చెయ్యొచ్చు. నెలకి తలకి ఇంత వచ్చేది ఆ తల ఫైల్లో ఉంటేనే కదా, కాబట్టి ఈ ఒక్క విషయంలో ప్లాన్ మీ పక్షమే.

నిజం_చెప్తా
మొదటిసారి ఒప్పుకుంటున్నా.

చికాగో_చిన్నోడు
నార్త్ కరోలినాకి ఇంకో మెలిక ఉంది. అక్కడ విస్తరణ 2023 డిసెంబర్ 1న మొదలై ఏడాది తిరిగేసరికి 6 లక్షల మంది చేరారు. కానీ ఆ చట్టంలోనే కేంద్రం వాటా 90 శాతం కన్నా తగ్గితే విస్తరణ రద్దు అని రాసుకున్నారు. కొత్త బిల్లు ఆ 90ని ముట్టుకోలేదు కాబట్టి ప్రస్తుతానికి గండం లేదు.

అత్తగారి_కోడలు
నాకో టెన్షన్. మా అత్తగారికి గ్రీన్ కార్డ్ వచ్చి 5 ఏళ్ళు దాటింది, మెడికెయిడ్ తీసుకుంటున్నారు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో పబ్లిక్ చార్జ్, అంటే ప్రభుత్వ సొమ్ము మీద ఆధారపడే మనిషి అని తిప్పి పంపుతారని గుళ్ళో ఎవరో చెప్పారు, అప్పట్నుంచి మందులు కూడా సగం సగం వేసుకుంటున్నారు.

గుంటూరు_మిర్చి_ఎన్‌జే
ముందు మందులు పూర్తిగా వేయించండి. సిటిజన్‌షిప్ దరఖాస్తుకి పబ్లిక్ చార్జ్ పరీక్ష లేదు, అది ప్రధానంగా గ్రీన్ కార్డ్ ఇచ్చేటప్పుడూ వీసా ఇచ్చేటప్పుడూ చూసేది. ఇప్పుడున్న 2022 నాటి నిబంధన ప్రకారం అక్కడ కూడా మామూలు మెడికెయిడ్ లెక్కలోకి రాదు, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం నర్సింగ్ హోమ్‌లాంటి చోట ఉంటేనే వస్తుంది. అయితే ఆ నిబంధనని తీసేస్తామని 2025 నవంబర్‌లో ప్రతిపాదన పెట్టారు, కాబట్టి గ్రీన్ కార్డ్ ఇంకా రానివాళ్ళు లాయర్‌ని అడిగి నడుచుకోండి. మీ అత్తగారు ఒక్కటే చూసుకోవాలి, ఇండియా వెళ్ళి 180 రోజులు దాటి ఉండొద్దు. అలా ఉండి తిరిగొస్తే కొత్తగా అడుగుపెట్టినట్టు చూసి అవే ప్రశ్నలు మళ్ళీ రావచ్చు. పైగా అంతకాలం బయటుంటే ఆ రాష్ట్రంలో నివాసం లేదని మెడికెయిడ్ కూడా పోవచ్చు.

అత్తగారి_కోడలు
ఇది ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటిస్తా. థ్యాంక్స్ అన్నా.

కేరీ_కుర్రోడు
అప్‌డేట్: థెరపిస్ట్ డిగ్రీలతో సహా కొత్త నోట్ రాసింది, ఈసారి ఇంటర్‌ప్రెటర్ లైన్లో ఉండగానే. డాక్టర్ ప్లాన్ వాళ్ళతో మాట్లాడారు. అడిగినవన్నీ ఇవ్వలేదు, కొన్ని విజిట్లు ఇచ్చారు, అవయ్యాక మళ్ళీ కొలతలు పంపమన్నారు. 10ఏ కూడా చదివా, క్లినిక్ చెప్పినట్టు అందులో కొత్తగా మారిందేమీ నాకు కనబడలేదు. అప్పీల్ అయితే వెనక్కి తీసుకోలేదు.

బిల్లింగ్_భారతి
తీసుకోవద్దు. కొన్ని ఇచ్చి మిగతావి ఇవ్వకపోవడం కూడా లెక్కకి డినయలే.

ప్లానో_పెదబాబు
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. టెక్సాస్. అమ్మానాన్నలకి గ్రీన్ కార్డ్ వచ్చి ఈ మధ్యే దిగారు, ఇద్దరూ 65 లోపే, ఆదాయం సున్నా. 5 ఏళ్ళు మెడికెయిడ్ లేదు, అర్థమైంది. మా కొలీగ్ వాళ్ళ పేరెంట్స్ మార్కెట్‌ప్లేస్‌లో (ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్) దాదాపు ఉచితంగా తీసుకున్నారట, నాకేమో సబ్సిడీ రాదని చూపిస్తోంది. ఏం తప్పు నింపానో తెలియట్లేదు.

గుంటూరు_మిర్చి_ఎన్‌జే
మీరు తప్పు నింపలేదు, రూలు మారింది. పేదరిక రేఖకి కింద ఆదాయం ఉండి, వలస హోదా వల్ల మెడికెయిడ్ రాని గ్రీన్ కార్డ్ వాళ్ళకి ఇదివరకు ప్రత్యేకంగా సబ్సిడీ ఉండేది. పైన చెప్పిన 2025 జూలై బిల్లుతో 2026 జనవరి 1 నుంచి అది పోయింది. మీ ట్యాక్స్‌లో వాళ్ళని డిపెండెంట్లుగా చూపిస్తే మీ ఆదాయం కలుస్తుంది, పేదరిక రేఖకి 4 రెట్లు దాటితే అప్పుడూ రాదు, ఎందుకంటే కోవిడ్ నాటి అదనపు సబ్సిడీలు 2025తో అయిపోయాయి. టెక్సాస్ మెడికెయిడ్ విస్తరణ చెయ్యలేదు కాబట్టి 5 ఏళ్ళయ్యాక కూడా 65 లోపు, వైకల్యం లేని పెద్దవాళ్ళకి అక్కడ దారి లేదు.

ప్లానో_పెదబాబు
మరి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోనా? నాన్నకి స్టెంట్ ఉంది.

డాక్టరమ్మ_ఓహియో
స్టెంట్ ఉన్నాయనకి అది దండగ. పాత జబ్బులకి వాటిలో చాలావరకు కట్టరు, కట్టినా ఒక్కసారిగా ముదిరితే ఇంత అని పరిమితి. మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీ లేకపోయినా పూర్తి ధరకి కొనుక్కోవచ్చు, స్టెంట్ ఉందని కాదనలేరు, ఎక్కువా అడగలేరు. నాన్నగారి వరకైనా అది తీసుకోండి.

గుంటూరు_మిర్చి_ఎన్‌జే
గడువు చూసుకోండి. విదేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళకి దిగిన రోజు నుంచి 60 రోజులు స్పెషల్ ఎన్‌రోల్‌మెంట్ ఉంటుంది, అది దాటితే మళ్ళీ నవంబర్ దాకా ఆగాలి. 65 నిండి, గ్రీన్ కార్డ్ మీద ఇక్కడ 5 ఏళ్ళు వరసగా ఉంటే మెడికేర్ (పెద్ద వయసువాళ్ళకి ఉండే వేరే ప్రభుత్వ బీమా) కొనుక్కోవచ్చు, 2026 ధరల్లో పార్ట్ ఏ నెలకి 565 డాలర్లు, పార్ట్ బి 202.90. వాళ్ళ పాస్‌పోర్టుల్లో ఎంట్రీ స్టాంపు తేదీ ఏముంది?

ప్లానో_పెదబాబు
చూశా. ఇంకా మూడు వారాలు టైముంది. ఇవాళ రాత్రే కూర్చుని నింపేస్తా.